గుమ్మములు మూయబడని పట్టణము

(రేడియో సందేశము)

వాక్యభాగము: ప్రకటన గ్రంథము 21:1 నుండి 22:5 వరకు

రాజవొమ్మంగి, జడ్డంగి, అడ్డతీగల, కొయ్యూరు ప్రాంతాల్లో ఇంటి అరుగు మీద కూర్చుండి ఈ సందేశం వింటున్న వారికిని, కొండ దిగువన ఏలేశ్వరం, నర్సీపట్నం మొదలుకొని సముద్రతీరం వరకు వింటున్న సహోదరీ సహోదరులకును దేవుని సమాధానము కలుగును గాక.

ఈ దినము మనము పరలోక పట్టణమును గూర్చి ధ్యానించుకుందాము. ఈ వాక్యభాగమును నేను చాలా సంవత్సరములు సులువుగా బోధించాను. ముత్యాల గుమ్మాలు, బంగారు వీధి అని చెప్పితే జనులు "ఆమేన్" అనేవారు. కాని ఒక తల్లి అడిగిన ప్రశ్న నన్ను ఆపివేసింది. ఆ ప్రశ్నతోనే ప్రారంభిస్తాను.

ఒక గూడెములో చిన్న పిల్ల జ్వరముతో చనిపోయింది. వానకాలము. గెడ్డ పొంగింది. తండ్రి, మేనమామ డోలీ కట్టి ఆ పిల్లను రోడ్డు వరకు మోసుకొచ్చారు. అక్కడ నుండి బండి మీద పట్నం తీసుకెళ్ళారు. పట్నంలో ఎక్కడికి పోవాలో వారికి తెలియలేదు. ఒక గేటు దగ్గర, "ఇక్కడ కాదు, అటు పొండి" అన్నారు. రెండవ గేటు దగ్గర కాగితం అడిగారు. మూడవ గేటు దాటేసరికి పిల్ల లేదు. మూడవ దినమున నేను ఆదరణ ప్రార్థనకు వెళ్ళి ఇదే 21వ అధ్యాయము చదివి, "అమ్మా, నీ బిడ్డ వెలుగుతో నిండిన పట్టణములో ఉన్నది" అన్నాను. ఆ తల్లి చాలాసేపు నేల చూపులు చూసి, తరువాత తల ఎత్తి అడిగింది:

"అయ్యగారూ, పరలోకం పట్నమా? పట్నంలో మా పిల్లని ఎవరు పలకరిస్తారు?"

దేవుని బిడ్డలారా, ఆ ప్రశ్నకు ఆ దినమున నా యొద్ద జవాబు లేదు. ఊరక ప్రార్థన చేసి వచ్చేశాను. దారి పొడవునా ఆ మాటే నా చెవుల్లో మ్రోగింది.

కొండ మీది మనకు పట్నం అంటే ఏమిటి? చింతపండు, పసుపు, జీడిపిక్కలు మన దగ్గర నుండి ఏ ధరకు పోతాయో, ఆ ధర నిర్ణయించే చోటు పట్నం. మన భూమి కాగితం ఉండే చోటు పట్నం. కోర్టు వాయిదా ఉన్న చోటు పట్నం. అక్కడ మన మాట యాసను బట్టి మనలను గుర్తుపట్టి, "ఏజెన్సీ వాడివా?" అని అడుగుతారు. ఇటువంటి మనకు, దేవుడు ఆఖరున ఇచ్చేది పట్టణము అని చెప్పితే అది సువార్త ఎలా అవుతుంది? ఇది అవిశ్వాసపు ప్రశ్న కాదు. వాక్యమును శ్రద్ధగా విన్న మనిషి అడిగే ప్రశ్న. కనుక వాక్యములోనే జవాబు వెదకుదాము.

మొదట ఈ దర్శనము చూచిన యోహాను ఎక్కడ ఉన్నాడో గమనించండి. అతడు పత్మాసు అను ద్వీపములో ఉన్నాడు. యేసును గూర్చిన సాక్ష్యము నిమిత్తము అక్కడికి చేరినవాడు. ఆ కాలమున లోకమంతటిని ఏలిన పట్టణము రోమా. దానినే అతడు బబులోను అను పేరుతో పిలిచాడు. అనగా యోహానుకు కూడా పట్నం అంటే ప్రేమ కలిగే కారణమేమీ లేదు. ఆ పెద్ద పట్టణము చేతిలో బాధపడినవాడే అతడు.

18వ అధ్యాయములో ఆ బబులోను సంతకు వచ్చే సరుకుల పట్టిక ఉన్నది. ఇంటికి వెళ్ళి చదవండి. మొట్టమొదట బంగారము. తరువాత వెండి, రత్నములు, ముత్యములు, పట్టు వస్త్రములు. అటు తరువాత విలువైన కలప, దంతము, ఇత్తడి, ఇనుము. ఆ తరువాత సుగంధ ద్రవ్యములు, నూనె, గోధుమలు, పశువులు, గుఱ్ఱములు. పట్టిక చిట్టచివరన ఏమున్నదో తెలుసా? మనుష్యులు. మనుష్యుల శరీరములు, ప్రాణములు కూడా అమ్మకపు సరుకే. మొదట బంగారము, ఆఖరున మనిషి. ఇది బబులోను లెక్క. మన కొండల నుండి కలప వెళ్ళింది, వెదురు వెళ్ళింది, ఆఖరికి కూలికి మన పిల్లలు కూడా వెళ్ళారు. ఆ పట్టిక చదివితే ఎవరో మన సంత దగ్గర నిలబడి వ్రాసినట్టుంటుంది.

అటువంటి పట్టణము కూలిపోవుట చూచిన తరువాతనే యోహానుకు రెండవ పట్టణము చూపబడింది. కనుక పరలోక పట్టణము అంటే మన పట్నమే ఇంకా పెద్దది, ఇంకా మెరిసేది అని అనుకోవద్దు. ఆ పట్నానికి దేవుడు ఇచ్చిన జవాబు ఇది. క్రీస్తు శకము 410లో రోమా పట్టణము శత్రువుల చేత దోచుకొనబడినప్పుడు లోకమే ముగిసిపోయిందని చాలామంది భయపడ్డారు. అప్పుడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో సంఘమునకు బిషప్పుగా ఉన్న అగస్టీను 413 మొదలుకొని 426 వరకు శ్రమపడి 'దేవుని పట్టణము' అను పెద్ద గ్రంథము వ్రాశాడు. ఆయన అందులో చూపినది ఇదే: పట్టణములు రెండు, వాటిని కట్టిన ప్రేమలు రెండు. ఒకటి తన్నుతానే ప్రేమించుకొనుట. రెండవది దేవుని ప్రేమించుట.

ఇప్పుడు ఆ రెండవ పట్టణపు గురుతులు ఒక్కొక్కటిగా చూద్దాము. ఇవి దర్శనములో కనబడిన గురుతులు. బంగారమెన్ని బారువులో లెక్క కట్టుటకు ఇవి ఇవ్వబడలేదు. ఒక్కొక్క గురుతు దేవుని హృదయమును చూపిస్తున్నది.

మొదటిది, ఇది దిగివచ్చు పట్టణము. ఆదికాండము 11వ అధ్యాయములో బాబేలు జనులు ఇటుకలు కాల్చి ఆకాశమునంటు గోపురము కట్టబూనారు. అది క్రింద నుండి పైకి. ఇక్కడ యోహాను చూచినది పై నుండి క్రిందికి. దేవుని యొద్ద నుండి పట్టణము భూమి మీదికి దిగివస్తున్నది, పెండ్లికుమార్తె వలె అలంకరించబడి వస్తున్నది. దేవుడు మనుష్యుల మధ్య కాపురము చేయుటకు వస్తున్నాడు. మనం డోలీ కట్టుకొని పట్నానికి పోనక్కరలేదు. పట్టణమే మన యొద్దకు వస్తున్నది. ఇది ఎంత గొప్ప సంగతి!

సముద్రము ఇక లేదు అని కూడా యోహాను చూచాడు. ప్రకటన గ్రంథములో మృగము పైకి వచ్చినది సముద్రములో నుండియే. ద్వీపములో ఉన్న యోహానును తన సంఘముల నుండి విడదీసినది కూడా సముద్రమే. మనకు సముద్రము దూరము. కాని శ్రావణమాసములో పొంగిన గెడ్డ మనకు తెలుసు. అవతల గూడెము వారు ఇవతలికి రాలేరు. ఆ ఎడబాటు ఇక ఉండదు.

రెండవది, దాని గుమ్మములు మూయబడవు. పట్టణమునకు పన్నెండు గుమ్మములు. తూర్పున మూడు, ఉత్తరమున మూడు, దక్షిణమున మూడు, పడమర మూడు. ఏ దిక్కు నుండి వచ్చినా ఎదురుగా గుమ్మము ఉంటుంది. పగలు అవి మూయబడవు, అక్కడ రాత్రి అనేదే లేదు. అనగా ఎప్పటికీ మూయబడవు.

మన రాజవొమ్మంగి వారికి మూసిన గేటు అంటే ఏమిటో చరిత్రలోనే ఉన్నది. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చింది. తాతల నాటి నుండి పోడు కొట్టుకొని, అడవి పంటలు ఏరుకొని బ్రదికిన వారికి అడవి గేటు మూయబడింది. తరువాత రోడ్డు పనికి చాలీచాలని కూలితో బలవంతపు వెట్టి. ఆ కష్టముల మీదనే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము తిరుగబడింది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మన రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది. ఇక్కడి స్టేషనులో బంధింపబడియున్న వీరయ్యదొరను విడిపించారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజు కాల్చి చంపబడ్డాడు.

తుపాకి దారిని నేను బోధించుట లేదు. కాని క్రైస్తవులుగా మనము ఒక సంగతి దాచకూడదు. ఆ అడవి గేట్లు మూసిన ప్రభుత్వమును నడిపినవారు ఆదివారమున గుడికి వెళ్ళి ఇదే ప్రకటన గ్రంథము చదివినవారే. మూయబడని గుమ్మములను గూర్చి పాడి, సోమవారమున గుమ్మములు మూయవచ్చును. అది వారికే కాదు, మనకు కూడా సాధ్యమే. ఈ మాట జ్ఞాపకముంచుకొనండి, మరల దీని యొద్దకు వస్తాము.

మూడవది, ఆ పట్టణమంతయు అతిపరిశుద్ధ స్థలము. దేవదూత బంగారు కొలకఱ్ఱతో కొలిచినప్పుడు పట్టణపు పొడవు, వెడల్పు, ఎత్తు మూడును సమానముగా ఉన్నవి. గ్రీకు కొలతలో ఒక్కొక్క వైపు 12,000 స్తాదియలు. మన లెక్కలో సుమారు 2,200 కిలోమీటర్లు. రాజవొమ్మంగి నుండి ఢిల్లీ దూరము కంటె ఎక్కువే. ప్రాకారము మాత్రము 144 మూరలు, మూరకు అడుగున్నర చొప్పున 216 అడుగులు. ఇంత పట్టణానికి అది చిన్న గోడ. శత్రువుకు భయపడి కట్టిన గోడ కాదది.

పొడవు వెడల్పు ఎత్తు సమానముగా ఉన్న గది బైబిలులో ఇంకొకటి ఉన్నది. మొదటి రాజులు 6:20 చూడండి. సొలొమోను కట్టిన మందిరములో గర్భాలయము ఇరువది మూరల పొడవు, ఇరువది మూరల వెడల్పు, ఇరువది మూరల ఎత్తు. ఆ అతిపరిశుద్ధ స్థలములోనికి ప్రధాన యాజకుడు ఒక్కడే, సంవత్సరమునకు ఒక్క దినమే వెళ్ళవలెను. మిగిలిన వారందరు బయటనే. అన్యజనులు మరీ దూరము. ఇప్పుడైతే ఆ గదియే పట్టణమంత అయినది! అందుకే అక్కడ వేరే దేవాలయము లేదు. దేవుడును గొఱ్ఱెపిల్లయు దాని దేవాలయము. బయట నిలబెట్టబడుట అలవాటైన వారలారా, వినండి. ప్రధాన యాజకుడు వణకుచు అడుగుపెట్టిన చోట మన పిల్లలు ఆడుకుంటారు. ఆయన ముఖమును చూస్తారు.

నాలుగవది, అక్కడి బంగారము, అక్కడి రాళ్ళు. బబులోను పట్టికలో బంగారము మొదట ఉన్నదని చెప్పుకున్నాము. ఈ పట్టణములో బంగారము ఎక్కడ ఉన్నది? వీధిలో, కాళ్ళ క్రింద. మనిషి దేనికి అమ్ముడుపోయాడో, అది ఇక్కడ మనిషి నడిచే దారి అయినది. లెక్క తలక్రిందులైనది.

పట్టణపు పునాదులు పన్నెండు. నీలము, పచ్చ, కెంపు, గోమేధికము, పుష్యరాగము మొదలైన పన్నెండు విధముల రత్నములతో అవి అలంకరించబడినవి. వాటి మీద పన్నెండుమంది అపొస్తలుల పేర్లు ఉన్నవి. వారిలో చేపలు పట్టినవారున్నారు, సుంకరి ఉన్నాడు. విశాఖ మన్యములో రంగురాళ్ళ కొరకు గుంటలు త్రవ్వి, మన్ను విరిగిపడి చనిపోయిన వారి సంగతి మీరు విన్నారు. రాయి ఎవరికో పోయింది, శవము గూడేనికి వచ్చింది. దేవుని పట్టణములో ఏ రాయి కొరకూ ఎవరూ గుంటలో దిగి చావరు. ఆ రాళ్ళు అందరి ఇంటి క్రింద పునాదిగా వేయబడినవి.

అయిదవది, నదియు చెట్టును. ఇది మన కొండవారు బాగుగా గ్రహించవలసిన సంగతి. బైబిలు తోటలో మొదలై పట్టణములో ముగుస్తుంది అని అంటారు. నిజమే. కాని ఆ పట్టణము తోటను పోగొట్టుకోలేదు. సింహాసనము నుండి నది పుట్టి వీధి నడుమ పారుతున్నది. మన పట్నాల్లో వీధి నడుమ పారేది ఏమిటో మీకు తెలుసు. అక్కడ పారేది స్ఫటికమువంటి జీవజలము. ఆ నదికి అటు ఇటు జీవవృక్షము. ఏదెను తోటలో దారి మూయబడిన చెట్టే ఇక్కడ మరల అందరికి అందుబాటులో ఉన్నది. యెహెజ్కేలు ప్రవక్త 47వ అధ్యాయములో ముందే ఈ నదిని, దాని ఒడ్డున ఉన్న చెట్లను చూచాడు. వాటి పండ్లు ఆహారము, ఆకులు ఔషధము.

ఆ చెట్టు నెలకొక కాపు చొప్పున పన్నెండు కాపులు కాస్తుంది. ఎందుకు పన్నెండు? ఆకలి నెల అనేది ఒక్కటి కూడా ఉండకూడదు గనుక. మనకు ఆషాఢ శ్రావణాలు ఎలా గడుస్తాయో పెద్దవారికి తెలుసు. పాత గింజలు అయిపోయి, కొత్త పంట చేతికి రాక, దుంపలు త్రవ్వుకొని, జీలుగు పిండి, మామిడి టెంకల అంబలి త్రాగిన రోజులున్నవి. 2001లో ఒడిశాలోని కాశీపురం ప్రాంతములో ఆ మామిడి టెంకల అంబలి త్రాగి ఆదివాసులు మరణించిన వార్త దేశమంతా విన్నది. పన్నెండు కాపుల చెట్టు అన్న మాట నిండు గాదె ఉన్నవానికి ఒక అలంకారము. ఆకలి నెల ఎరిగినవానికి అది నిజమైన సువార్త.

ఆ చెట్టు ఆకులు జనములను స్వస్థపరచుటకు. ఏ ఆకు ఏ నొప్పికి పనిచేస్తుందో మన పెద్దలకు తెలుసు, దేవుడు ఆ జ్ఞానమిచ్చాడు. అయితే బిడ్డకు మలేరియా వస్తే ఆలస్యము చేయక మందు వేయించండి. దోమతెర వాడండి. రాబోవు స్వస్థతను నమ్మేవాడు ఈనాటి మందును తృణీకరించడు.

ఆరవది, జనములు తమ తమ మహిమను ఆ పట్టణములోనికి తెస్తారు. అక్కడికి వచ్చినవారందరు ఒకే భాష మాట్లాడి, ఒకే బట్ట కట్టి, తమ పుట్టుక మరచిపోవాలని వ్రాయబడలేదు. గుమ్మముల మీద పన్నెండు గోత్రముల పేర్లు ఉన్నవి. గోత్రపు పేరు చెరిపివేయబడలేదు. కువి, కోయ, కొండ భాష, ఆదివాసీ ఒరియా, తెలుగు, ప్రతి నోటి స్తుతి అక్కడికి చేరుతుంది. "ఏజెన్సీ వాడివా?" అని గేటు దగ్గర అడిగినప్పుడు సిగ్గుతో తలవంచుకున్న చిన్నవాడా, ఆ గుమ్మము దగ్గర దూత నీ యాసను చూచి నిన్ను ఆపడు.

ఇప్పుడు, ప్రియులారా, నా సొంత తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకోవలెను.

2006లో అటవీ హక్కుల చట్టము వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడు భూమికి హక్కు అడుగుటకు గిరిజనులకు అవకాశము కలిగింది. 2008లో ఊరూర గ్రామసభలు పెట్టి దరఖాస్తులు వ్రాస్తున్నారు. మా సంఘములో ఒక పెద్దాయన, నమ్మకమైన విశ్వాసి, నా యొద్దకు వచ్చాడు. "అయ్యగారూ, నన్ను కూడా వేలిముద్ర వేయమంటున్నారు. విశ్వాసి వెయ్యొచ్చునా?" అని అడిగాడు.

నేను చిరునవ్వు నవ్వి, "తాతా, మన పట్టణం పైన ఉంది. ఈ మన్ను కాగితం నీకెందుకు?" అన్నాను.

నాకు అది గొప్ప ఆత్మీయ మాటగా తోచింది. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. వేలిముద్ర వేయలేదు. చుట్టుపక్కల చేలవారికి కాగితము వచ్చింది, ఆయన చేనుకు రాలేదు. కొన్ని సంవత్సరములకు తాత ప్రభువునందు నిద్రించాడు. సమాధి కార్యక్రమము అయిన తరువాత ఆయన కొడుకు నా ప్రక్కన నడుస్తూ, కోపము లేకుండానే ఒక మాట అన్నాడు: "మా అయ్య మీ మాట నమ్మాడండి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బైబిలు తెరిచాను. రాజులు మొదటి గ్రంథము 21వ అధ్యాయములో నాబోతు సంగతి చదివాను. పితరుల స్వాస్థ్యమును ఇవ్వనని చెప్పి నాబోతు ప్రాణము పోగొట్టుకున్నాడు. దేవుడు ఏలీయాను పంపి ఏమి చెప్పించాడు? "నాబోతుకు పరలోకములో తోట ఉన్నది, విచారపడకుడి" అని చెప్పించలేదు. అహాబునకు తీర్పు చెప్పించాడు. యెషయా 65వ అధ్యాయము చదివాను. క్రొత్త ఆకాశము, క్రొత్త భూమి అను మాట యోహాను కంటె ముందు అక్కడ ఉన్నది. ఆ క్రొత్త భూమి మీద ఏమి జరుగునని ప్రవక్త చెప్పాడు? ఇల్లు కట్టుకున్నవాడే ఆ ఇంట కాపురముంటాడు. తోట నాటినవాడే దాని పండ్లు తింటాడు. ఒకడు కట్టగా మరియొకడు వచ్చి కూర్చుండుట ఉండదు. ఇది దేవుడు కోరే న్యాయము. రాబోవు పట్టణములో దేవుడు స్థిరపరచబోవు న్యాయమును, ఈ దినమున ఒక పేదవాడు గ్రామసభలో అడుగుటకు వెళ్తే, నేను పట్టణము పేరు చెప్పి వానిని ఆపాను.

అబ్రాహాము పునాదులు గల పట్టణము కొరకు ఎదురుచూచాడని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము చెప్పుచున్నది. అదే అబ్రాహాము శారా చనిపోయినప్పుడు మక్పేలా పొలమును ఊరి గవిని యొద్ద అందరి ఎదుట వెండి తూచి కొని, హక్కు స్థిరపరచుకున్నాడు. ఆదికాండము 23లో ఉన్నది. పరలోక నిరీక్షణ అతనిని సాక్షులు లేకుండ భూమి కొనునంత అమాయకునిగా చేయలేదు. నిరీక్షణ వేరు, నిర్లక్ష్యము వేరు. నేను నిర్లక్ష్యమునకు నిరీక్షణ అని పేరు పెట్టాను.

తరువాత ఆ కొడుకుతో కూడ నేను గ్రామసభకు వెళ్ళి కూర్చున్నాను. కాగితము ఇంకా చేతికి రాలేదు. అడుగుట మాత్రము మానలేదు. పరలోక పట్టణమును చూపించి ఎవరినైనా మౌనముగా ఉండమని చెప్పియున్న తోటి సేవకులారా, నాతో కూడ మీరును పశ్చాత్తాపపడండి.

అయితే మరియొక హెచ్చరిక కూడా ఉన్నది. గుమ్మములు మూయబడకపోయినా, నిషిద్ధమైనదేదియు ఆ పట్టణములోనికి రాదని వాక్యము చెప్పుచున్నది. అబద్ధమును జరిగించువాడు లోపలికి రాడు. కాటా తప్పుగా తూచి చింతపండు కొన్న చెయ్యి, చదువురాని వాని చేత తెల్లకాగితము మీద వేలిముద్ర వేయించుకున్న చెయ్యి, సారా తాగి భార్యను కొట్టిన చెయ్యి, ఇవన్నీ గొఱ్ఱెపిల్ల రక్తములో కడుగబడక లోపలికి రావు. తెరిచియున్న గుమ్మము చులకనైన గుమ్మము కాదు. అది సిలువ మీద ప్రాణమిచ్చి తెరిచిన గుమ్మము. ప్రభువు తానే గవిని వెలుపట శ్రమపొందాడు. బయట నిలబెట్టబడిన వారితో కూడ ఆయన నిలబడ్డాడు. అందుకే గుమ్మము తెరువబడింది. ఈ దినమే ఆయన యొద్దకు రండి.

ఇప్పుడు జ్ఞాపకముంచుకొనమన్న మాట యొద్దకు వస్తాను. మన సంఘముల గుమ్మముల సంగతి ఏమిటి? కొండ మీది విశ్వాసి దిగువ ఊరి గుడికి వస్తే ఎక్కడ కూర్చుంటాడు? చాప మీద వెనుకనా, ముందు కుర్చీలోనా? ప్రభువు బల్ల యొద్ద కులము చూడని మనము పెండ్లి విందులో చూస్తున్నామా? వానిచేత తన భాషలో ప్రార్థన చేయనిచ్చామా, లేక "తెలుగులో చెయ్యి" అన్నామా? ఒక గూడెపు కుటుంబము జబ్బుపడి పట్నానికి వస్తే, పట్నములో ఉన్న సంఘము వారిలో ఒక్కరైనా ఆ గేటు దగ్గర ఎదురు వెళ్ళారా? పట్నములో ఉన్న విశ్వాసులారా, మీ ఫోను నంబరు ఒక కొండ సంఘమునకు ఇవ్వండి. "మీ ఊరి నుండి ఎవరైనా ఆసుపత్రికి వస్తే నేను గేటు దగ్గర ఉంటాను" అని చెప్పండి. చీటీ వ్రాయించండి, మంచము దగ్గర కూర్చోండి, ఇంత అన్నము పట్టుకెళ్ళండి. దీనికి గొప్ప వరమేమీ అక్కరలేదు. పరలోక పట్టణపు పౌరులు భూమి మీద చేసే పని ఇదే.

ఆఖరుగా ఆ తల్లి యొద్దకు వస్తాను. కొంతకాలము తరువాత నేను మరల ఆ గూడేనికి వెళ్ళాను. ఆమె పొయ్యి దగ్గర ఉన్నది. "అమ్మా, ఆ రోజు మీరు అడిగినదానికి జవాబు తెచ్చాను" అని చెప్పి అదే అధ్యాయము తెరిచాను. ఈసారి ముత్యముల యొద్ద ఆగలేదు. నాలుగవ వచనము చూపించాను. అక్కడ కన్నీరు తుడిచేది ఎవరు? దూత కాదు, బంట్రోతు కాదు, దేవుడే స్వయముగా. "మీ పిల్లని ఎవరు పలకరిస్తారని అడిగారు కదా. ఆ పట్టణములో మొదట పలకరించేది ఆయనే. పేరు పెట్టి పిలుస్తాడు. మీ మాటలోనే పలకరిస్తాడు" అన్నాను.

ఆమె కొంచెంసేపు ఊరకుండి, "గెడ్డ ఉంటుందన్నారు కదండీ, చెట్టు కూడా ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుందమ్మా. నడి వీధిలోనే ఉంటుంది" అన్నాను.

"అయితే పరవాలేదు" అని ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

ప్రార్థించుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా యొద్దకు దిగివచ్చు పట్టణము కొరకై నీకు స్తోత్రములు. ఏ గేటు దగ్గరనైనా ఈ దినము ఆపివేయబడిన వారిని జ్ఞాపకము చేసుకొనుము. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులను ఆదరించుము. భూమి కొరకు న్యాయము అడుగుచున్న వారికి ధైర్యమిమ్ము, న్యాయము తీర్చు అధికారులకు భయభక్తులిమ్ము. నీ పట్టణము పేరు చెప్పి మేము మూసిన గుమ్మములను క్షమించి, వాటిని మా చేతులతోనే తెరిపించుము. మేము కొండ మీదనైనను పట్నములోనైనను నీ పట్టణపు పౌరులమై జీవించునట్లు కృప దయచేయుమని, గవిని వెలుపట మా కొరకు శ్రమపడిన యేసుక్రీస్తు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.